డెవలపర్ చేతికి డేటాబేస్: టికెట్‌కూ టూల్‌కూ మధ్య అసలు తేడా ఎక్కడుంది?

ఒక డెవలపర్ కొత్త సర్వీసు రాస్తోంది. దానికి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒకటి కావాలి. చాలా కంపెనీల్లో ఇప్పటికీ దీనికి ఉన్న దారి ఒకటే, టికెట్ రెయిజ్ చేయడం, అంటే సర్వర్లు, నెట్‌వర్క్ చూసుకునే ఇన్‌ఫ్రా టీమ్‌కు ఆన్‌లైన్‌లో ఒక అభ్యర్థన పెట్టడం. ఫారం తెరవగానే వీపీసీ ఏది, సబ్‌నెట్ ఏది, ఇన్‌స్టన్స్ క్లాస్ ఏది, స్టోరేజీ ఎన్ని జీబీలు, ఏయే ఐపీల నుంచి అనుమతి కావాలి అని వరుసగా ప్రశ్నలు. సగానికి పైగా ఆమెకు తెలియవు. తెలియాల్సిన అవసరమూ లేదు. పక్క టీమ్ ఎప్పుడో పెట్టిన పాత టికెట్ వెతికి, అందులో ఉన్నవే దింపేస్తుంది. మర్నాడు ఇన్‌ఫ్రా టీమ్ నుంచి ప్రశ్న వస్తుంది: ఇది ప్రొడక్షన్‌కా (అసలు వాడకందారుల కోసమా), స్టేజింగ్‌కా (విడుదలకు ముందు పరీక్ష కోసమా)? ఆమె జవాబిస్తుంది. తర్వాత మేనేజర్ అప్రూవల్, ఆ పైన సెక్యూరిటీ టీమ్ అప్రూవల్. చివరికి ఒక ఇంజినీర్ కూర్చుని తన దగ్గరున్న స్క్రిప్టులో నాలుగు పేర్లు మార్చి నడుపుతాడు. డేటాబేస్ లేవడానికి పట్టేది పది పదిహేను నిమిషాలు. పాస్‌వర్డ్ చాట్‌లో వస్తుంది, ఏళ్ల తరబడి ఆ చాట్‌లోనే ఉండిపోతుంది.

పని నిమిషాలది, ఎదురుచూపు రోజులది. అలాగని మధ్యలో ఎవరూ ఖాళీగా కూర్చోలేదు. ఆ రోజులన్నీ ఖర్చయింది నిర్ణయాల మీద. ఈ డేటాబేస్ ఎవరిది, ఖర్చు ఎవరి ఖాతాలోకి వెళ్లాలి, బయటి ప్రపంచానికి తెరిచి ఉండొచ్చా, బ్యాకప్ ఎన్నాళ్లు ఉంచాలి, పాడైతే రాత్రిపూట ఎవరు లేవాలి. ఇవి అవసరమైన ప్రశ్నలే. వీటికి ప్రతిసారీ కొత్తగా, ఒక్కో టికెట్ మీద, ఒక్కో మనిషి చేత జవాబు చెప్పించడమే జాప్యానికి కారణం. డెవలపర్లు తమంతట తామే వాడుకునే ఇన్‌ఫ్రా టూళ్లు కట్టాలనుకునేవాళ్లు ముందుగా పట్టుకోవాల్సిన సంగతి ఇది. వేగంగా సర్వర్లు లేపే యంత్రం కట్టడం అసలు పని కాదు. పదే పదే తీసుకుంటున్న నిర్ణయాలను ఒక్కసారి, ముందుగా, అందరికీ కనిపించేలా తీసుకుని టూల్ లోపల పెట్టడమే అసలు పని.

క్లౌడ్ వచ్చాక కూడా టికెట్ ఎందుకు మిగిలింది

అమెజాన్ 2006 మార్చిలో ఎస్3 అనే స్టోరేజీ సేవను, ఆ ఏడాది ఆగస్టులో ఈసీ2 అనే అద్దె సర్వర్ల సేవను బయటికి తెచ్చింది. ఆ రోజు నుంచి సర్వర్ కావాలంటే ఒక ఏపీఐ కాల్ (ప్రోగ్రామ్ నుంచి నేరుగా పంపే ఆదేశం) చాలు. సర్వర్ ఆర్డర్ పెట్టి, బిగించి, కేబుళ్లు లాగే కాలం పోయింది కాబట్టి టికెట్ కూడా పోతుందని చాలామంది అనుకున్నారు. పోలేదు. ఏపీఐ ముందు కంపెనీలు మళ్లీ ఒక మనిషిని కూర్చోబెట్టాయి. క్లౌడ్ అకౌంట్ తాళాలు అందరికీ ఇస్తే బిల్లు ఎంతవుతుందో, ఏ డేటా ఎక్కడ బయటపడుతుందో అన్న భయం అందుకు కారణం. ఆ భయం అర్థం లేనిది కాదు.

అదే 2006లో కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రేకు ఇచ్చిన ఇంటర్వ్యూలో అమెజాన్ సీటీవో వెర్నర్ వోగెల్స్ ఒక మాట అన్నాడు: మీరు కట్టారు, మీరే నడపండి. రాసేవాళ్లు ఒకరు, నడిపేవాళ్లు మరొకరు అయితే రాసినవాడికి తన కోడ్ ఎలా నడుస్తోందో తెలియదన్నది దాని భావం. 2009లో బెల్జియంలోని గెంట్ నగరంలో ప్యాట్రిక్ డెబోయ్ రాసేవాళ్లనూ నడిపేవాళ్లనూ కలిపే డెవ్‌ఆప్స్ పద్ధతి మీద మొదటి డెవ్‌ఆప్స్‌డేస్ సభ పెట్టాడు. ఆలోచన మంచిదే. ఆచరణలో మాత్రం చాలాచోట్ల 'మీరే నడపండి' అన్న సగం మిగిలింది, నడపడానికి కావలసిన పనిముట్లు ఇవ్వడం అనే సగం జారిపోయింది. 2014లో ఇన్‌ఫ్రాను కోడ్‌గా రాసే టెర్రాఫామ్, కంటెయినర్లలో పెట్టిన అప్లికేషన్లను నడిపే కుబర్నెటీస్ రెండూ వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లకే, పేమెంట్ లెక్కలు రాయాల్సిన మనిషి ఇన్‌గ్రెస్ నియమాలు, ఐఏఎం పాలసీలు, హెల్మ్ చార్టులు అంటూ నెట్‌వర్క్, అనుమతులు, ఇన్‌స్టాలేషన్ సంగతులు నేర్చుకుంటూ కూర్చునే పరిస్థితి వచ్చింది. టికెట్ పెట్టి ఎదురుచూడటం ఒక బాధ అయితే, అన్నీ నీ చేతిలోనే పెట్టాం చూసుకో అనడం దానికి తక్కువేమీ కాని బాధ.

ఈ రెంటికీ మధ్య దారి ఉందని హెరోకు నిరూపించింది. 2007లో మొదలైన ఈ కంపెనీ డెవలపర్‌ను అడిగింది ఒక్క గిట్ పుష్ (కోడ్‌ను పంపే కమాండ్) మాత్రమే. కోడ్ పంపితే చాలు, బిల్డ్, సర్వర్, యూఆర్ఎల్ అన్నీ అటువైపు నుంచే వచ్చేవి. బదులుగా కొన్ని కట్టుబాట్లు ఉండేవి: డిస్క్ మీద రాసింది నిలవదు, రోజుకొకసారి ప్రాసెస్ మళ్లీ మొదలవుతుంది, ముప్పై సెకన్లలో జవాబు రావడం మొదలవకపోతే రిక్వెస్ట్ తెగిపోతుంది. అంగీకరిస్తే సుఖం, అంగీకరించలేకపోతే వేరే చోటు చూసుకోవాలి. పెద్ద కంపెనీలు తమ నెట్‌వర్క్, తమ ఆడిట్, తమ పాత డేటాబేస్‌ల మధ్య ఆ కట్టుబాట్లలో ఇమడలేక, అలాంటి అనుభవాన్నే తమ గోడల లోపల కట్టుకోవడం మొదలుపెట్టాయి. ఇవాళ ప్లాట్‌ఫామ్ ఇంజినీరింగ్ అంటున్నది ప్రధానంగా ఈ పనినే.

ముందు నియమాలు, తర్వాత కిటికీ

ఈ పనిలో వరుస తప్పితే ఏమవుతుందో చెప్పడానికి రైల్వే రిజర్వేషన్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. మనం ఇంటర్నెట్‌లో రైలు బెర్తు తీసుకోవడం ఐఆర్‌సీటీసీతో 2002లో మొదలైంది. కానీ దానికి చాలా ముందే, 1980ల మధ్యలో ఢిల్లీలో రిజర్వేషన్ కంప్యూటరీకరణ మొదలైంది. 1990లలో కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాన్ని మొట్టమొదట అమలు చేసింది సికింద్రాబాద్‌లో. 1999 నాటికి దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలన్నీ దానితో ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాయి. కోటాలు, వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ, చార్జీల లెక్క, రద్దు చేస్తే ఎంత వెనక్కి ఇవ్వాలి అన్నవన్నీ అప్పటికే యంత్రంలోకి చేరిపోయాయి. కౌంటర్ వెనకాల ఉన్న గుమాస్తా తన ఇష్టప్రకారం తీసుకునే నిర్ణయం దాదాపు ఏమీ మిగల్లేదు. అప్పుడు గానీ కిటికీ జనం వైపు తిరగలేదు.

కంపెనీల్లో తరచూ జరిగేది దీనికి తలకిందులు. ముందు ఒక అందమైన పోర్టల్ కడతారు. అందులో 'డేటాబేస్ కావాలి' అనే బటన్ ఉంటుంది. నొక్కితే వెనకాల ఒక టికెట్ తయారై అదే ఇన్‌ఫ్రా టీమ్ క్యూలో పడుతుంది. ఎక్కడి గొంగళి అక్కడే. పైగా ఇప్పుడు ఆ పోర్టల్‌ను చూసుకోవడానికి కూడా ఇద్దరు ముగ్గురు ఇంజినీర్లు కావాలి. స్పాటిఫై 2020 మార్చిలో బ్యాక్‌స్టేజ్‌ను ఓపెన్ సోర్స్ చేసినప్పటి నుంచి ఈ ధోరణి బాగా పెరిగింది. బ్యాక్‌స్టేజ్ నిజంగా మంచి పనిముట్టు. ఏ సర్వీసు ఎవరిది, దాని డాక్యుమెంట్లు ఎక్కడున్నాయి, అది దేని మీద ఆధారపడి నడుస్తోంది అన్నవి ఒక్కచోట చూపించడం దాని అసలు బలం. స్పాటిఫైలో దాని వెనక అప్పటికే ఆటోమేషన్ ఉంది. ఆ వెనకది లేకుండా ముందుది తెచ్చుకుంటే దక్కేది బొమ్మ మాత్రమే.

డెవలపర్‌ను ఏం అడగాలి

మొదటి డేటాబేస్ ఉదాహరణకే తిరిగి వద్దాం. మంచి టూల్‌లో ఆ డెవలపర్ చేయాల్సిందల్లా తన సర్వీసు రిపోలో (కోడ్ ఉండే చోట) ఒక చిన్న యామల్ ఫైలు (సెట్టింగ్‌లు రాసే టెక్స్ట్ ఫైలు) చేర్చడం. అందులో అయిదారు లైన్లు: డేటాబేస్ పేరు, టీమ్ పేరు, ఏ ఎన్విరాన్‌మెంట్, చిన్నదా మధ్యస్థమా పెద్దదా, ఇందులో వ్యక్తిగత సమాచారం ఉంటుందా, పేమెంట్ సమాచారం ఉంటుందా. అంతే. పుల్ రిక్వెస్ట్ (ఆ మార్పును చేర్చమనే ప్రతిపాదన) మెర్జ్ అయ్యాక పావుగంటలో డేటాబేస్ సిద్ధం. పాస్‌వర్డ్ ఎవరి కంటా పడకుండా సీక్రెట్ స్టోర్‌లోకి, అక్కడి నుంచి నేరుగా సర్వీసులోకి వెళ్తుంది.

ఈ ప్రశ్నలను ఎంచుకోవడం మీదే టూల్ బాగోగులు చాలావరకు ఆధారపడి ఉంటాయి. డెవలపర్‌కు మాత్రమే తెలిసినవి కొన్ని ఉంటాయి: ఈ డేటా పోతే వ్యాపారానికి ఎంత నష్టం, ఎంత వేగంగా పెరుగుతుంది, ఎవరి వివరాలు ఇందులో ఉంటాయి. వాటిని అడగాలి. ప్లాట్‌ఫామ్ టీమ్‌కు తెలిసినవి వేరే ఉంటాయి: ఏ సబ్‌నెట్, ఏ ఎన్‌క్రిప్షన్ కీ, ఏ వెర్షన్, మెయింటెనెన్స్ ఎప్పుడు. వాటిని అడగకూడదు. ఇన్‌స్టన్స్ క్లాస్ పేరు ఇవ్వమని డెవలపర్‌ను అడిగితే, ఆ పేరు రేపు క్లౌడ్ కంపెనీ మార్చిన రోజున వందలాది ఫైళ్లు దిద్దాలి. 'మధ్యస్థం' అని అడిగితే ఆ మాటకు అర్థం ఏమిటో ఒక్కచోట మార్చుకుంటే సరిపోతుంది. ఫారంలో గడులు పెంచడం ప్లాట్‌ఫామ్ టీమ్‌కు సులువు, ఎందుకంటే నిర్ణయం తీసుకునే శ్రమ అవతలివాళ్ల మీద పడుతుంది. ప్రతి కొత్త గడీ చేర్చేముందు ఇది మన బాధ్యతను వాళ్ల నెత్తిన పెట్టడమేనా అని ఆ టీమ్ తనను తాను ప్రశ్నించుకోవాలి.

పేమెంట్ సమాచారం ఉందా అన్న ఆ ఒక్క ప్రశ్న ఎంత పని చేస్తుందో చూడండి. చెల్లింపుల డేటా భారత్‌లోనే నిల్వ ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో సర్క్యులర్ ఇచ్చింది. టికెట్ పద్ధతిలో ఈ నియమం అమలు కావాలంటే, టికెట్ చూసే మనిషికి ఆ సర్క్యులర్ గుర్తుండాలి, ఈ డేటాబేస్‌లో ఏముందో తెలియాలి, శుక్రవారం సాయంత్రం హడావిడిలో కూడా ఆ ప్రశ్న అడగాలి. టూల్‌లో అయితే 'అవును' అన్న వెంటనే రీజియన్ (డేటా సెంటర్లున్న ప్రాంతం) ఎంపిక ముంబైకో, 2022 నవంబరులో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) తెరిచిన హైదరాబాద్‌కో పరిమితమవుతుంది. బ్యాకప్ కాపీ కూడా దేశం దాటదు. పాత ముంబై రీజియన్ ఒక్కటే ఉన్న రోజుల్లో ఏడబ్ల్యూఎస్ మీద, దేశంలోనే రెండో చోట డీఆర్ (విపత్తులో వాడే నకలు ఏర్పాటు) పెట్టుకోవడానికి దారి లేదు. హైదరాబాద్ వచ్చాక ఆ రెండు పేర్లను డిఫాల్ట్‌గా పెట్టేస్తే డెవలపర్ ఆ గొడవ ఎత్తకుండానే పని జరిగిపోతుంది. చట్టం మారితే టూల్‌లో ఒక నియమం మారుతుంది. వందమందికి మెయిల్ పెట్టి, చదివారో లేదో అని బెంగపడే అవసరం ఉండదు.

అప్రూవల్ చేసే పని, కంచె చేసే పని

మనిషి అప్రూవల్ ఉంటేనే భద్రం అన్న నమ్మకం చాలా బలమైనది. రెండు బహిరంగ ఉదంతాలు దాన్ని పరీక్షకు పెట్టాయి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 ఉత్తర వర్జీనియాలో దాదాపు నాలుగు గంటలు స్తంభించింది. బిల్లింగ్ వ్యవస్థ నెమ్మదిగా ఉందని చూస్తున్న ఒక ఉద్యోగి, కొన్ని సర్వర్లను తొలగించే కమాండ్ ఇస్తూ ఒక విలువ తప్పుగా టైప్ చేశాడు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు పోయాయి. ఆ మనిషికి ఆ పని చేసే అధికారం ఉంది, వాడిన పద్ధతీ ఆమోదించినదే. తర్వాత అమెజాన్ ప్రచురించిన వివరణలో ముఖ్యమైన మార్పు ఇది: ఆ టూల్ ఇకపై సర్వర్లను నెమ్మదిగానే తొలగిస్తుంది, ఏ ఉపవ్యవస్థ అయినా కనీస సామర్థ్యం కంటే కిందికి పోయేట్టుంటే తొలగించడానికి ఒప్పుకోదు. ఇంకో సంతకం చేర్చడాన్ని వాళ్లు పరిష్కారంగా చూపలేదు. టూల్‌కు 'కాదు' అనడం నేర్పారు.

దానికి నెల ముందు, జనవరి 31న, కోడ్ నిల్వ చేసే సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ రాత్రి పొద్దుపోయాక రెప్లికా (నకలు) సర్వర్ అనుకుని ప్రైమరీ (అసలు) డేటాబేస్ డైరెక్టరీని చెరిపేశాడు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. ఆరు గంటల డేటా శాశ్వతంగా పోయింది. అంతకంటే పెద్ద పాఠం బ్యాకప్‌లది. రోజూ జరగాల్సిన డంప్ (డేటా మొత్తం కాపీ) జరగడమే లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్, డంప్ తీసే పనిముట్టు 9.2 వెర్షన్. విఫలమైనట్టు చెప్పే మెయిళ్లు డీమార్క్ అనే మెయిల్ తనిఖీ కారణంగా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. కంపెనీ ఇదంతా దాచకుండా, కోలుకునే పనిని ప్రత్యక్ష ప్రసారం చేస్తూ మరీ చెప్పుకుంది. ప్రతి టీమ్ తన బ్యాకప్‌ను తానే ఏర్పాటు చేసుకునే చోట ఇలాంటి పొరపాట్లు నిశ్శబ్దంగా పేరుకుంటాయి. ప్లాట్‌ఫామ్ ఇచ్చే ప్రతి డేటాబేస్‌తోపాటు బ్యాకప్, ఆ బ్యాకప్‌ను నిజంగా రిస్టోర్ చేసి చూసే పరీక్ష వాటంతట అవే వస్తే, ఒక్కచోట దిద్దిన తప్పు అందరికీ దిద్దినట్టవుతుంది.

ఇలా టూల్ 'కాదు' అనే హద్దులే కంచెలు. వాటిని రాయడానికి ఇప్పుడు మంచి పనిముట్లే ఉన్నాయి. ఓపెన్ పాలసీ ఏజెంట్ లాంటి వాటితో 'బయటికి తెరిచిన స్టోరేజీ బకెట్ కుదరదు', 'టీమ్ పేరు ట్యాగ్ లేనిదే ఏదీ లేవదు' అని కోడ్‌గా రాసి, పుల్ రిక్వెస్ట్ దశలోనే పట్టుకోవచ్చు. అయితే 'కాదు' అనే తీరు కూడా ముఖ్యం. 'పాలసీ ఉల్లంఘన, కోడ్ 47' అని చెప్పి ఊరుకునే టూల్ మళ్లీ టికెట్‌నే పుట్టిస్తుంది. ఏది ఎందుకు కుదరదో, బదులుగా ఏం చేయొచ్చో, ఏ లైను మార్చాలో చెప్పే టూల్ డెవలపర్‌ను ముందుకు పంపిస్తుంది. ఎర్రర్ మెసేజ్‌లు రాయడం చిన్న పని అనుకుని చివరికి నెట్టేస్తుంటారు. నిజానికి డెవలపర్‌కూ ప్లాట్‌ఫామ్ టీమ్‌కూ మధ్య ఎక్కువ సంభాషణ నడిచేది ఆ నాలుగు లైన్లలోనే.

మనిషి చూడాల్సినవి ఇంకా ఉంటాయి. నెల ఖర్చు ఒక హద్దు దాటే కోరిక, డేటాను బయటి సంస్థతో పంచుకోవడం, పాలసీకి మినహాయింపు. మామూలు కోరికలన్నీ టూల్ చూసుకుంటే, వీటిని శ్రద్ధగా చూడటానికి మనిషికి తీరిక దొరుకుతుంది. రోజుకు అరవై టికెట్లు ఆమోదించే మనిషి వాటిలో దేన్నీ నిజంగా చదవడు.

పుట్టించడం తేలిక, పెంచడం కష్టం

డెమోల్లో అందరూ చూపించేది కొత్తది పుట్టించడం. బటన్ నొక్కితే రిపో, పైప్‌లైన్, డాష్‌బోర్డ్ అన్నీ మూడు నిమిషాల్లో. చప్పట్లు పడతాయి. కానీ ఒక సర్వీసు పుట్టేది ఒక్కసారే, బతికేది ఏళ్ల తరబడి. సెల్ఫ్-సర్వీస్ టూళ్లలో ఎక్కువ శాతం చతికిలబడేది ఆ తర్వాతి రోజుల్లోనే.

టెర్రాఫామ్‌తో పనిచేసినవాళ్లందరికీ తెలిసిన దృశ్యం ఒకటుంది. ఎన్‌క్రిప్షన్ లేకుండా ఎప్పుడో లేపిన ఆర్డీఎస్ (ఏడబ్ల్యూఎస్ నడిపే) డేటాబేస్ ఉంది. ఆడిట్ వాళ్లు అడిగారని డెవలపర్ ఆ ఒక్క విలువను ఫాల్స్ నుంచి ట్రూకి మారుస్తుంది. ఫైల్‌లో మారింది ఒక్క మాట. ఏమేం మారుతుందో టెర్రాఫామ్ ముందుగా చూపే ప్లాన్‌లో మాత్రం ఆ రిసోర్స్ పక్కన మైనస్, ప్లస్ గుర్తులు జంటగా వస్తాయి. పాతదాన్ని తీసేసి కొత్తది పెడతానని దానర్థం. నడుస్తున్న ఆర్డీఎస్ డేటాబేస్‌ను ఉన్నచోటే ఎన్‌క్రిప్ట్ చేసే వీలు ఏడబ్ల్యూఎస్‌లో లేదు. స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) తీసి, దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి కాపీ చేసి, ఆ కాపీ నుంచి కొత్త డేటాబేస్ లేపాలి. ఆ సంగతి ఆమెకు తెలియాలని ఎక్కడా లేదు. వందలాది లైన్ల ప్లాన్ అవుట్‌పుట్‌లో ఆ రెండు గుర్తులు కంటపడకపోతే, ఖాళీ డేటాబేస్ మిగులుతుంది. డిలీట్ కాకుండా అడ్డుకునే సెట్టింగ్ టూలే ముందుగా పెట్టి ఉంచితే ఆ ప్లాన్ అక్కడే ఆగిపోతుంది. ఇంకాస్త ముందుకెళ్లిన టూల్, స్నాప్‌షాట్ నుంచి మార్చే ఆ మొత్తం ప్రక్రియను తానే నడిపించి, ఎంతసేపు సర్వీసు ఆగుతుందో ముందే చెప్పి, సమయం ఎంచుకోమంటుంది. రెండో రకం టూల్ కట్టడానికి మొదటిదానికంటే ఎన్నో రెట్లు శ్రమ పడుతుంది. ఆ శ్రమ పెట్టదగినదే, ఎందుకంటే అది లేని చోట ప్రతి టీమ్ ఆ గండాన్ని విడివిడిగా దాటాలి.

టెంప్లేట్లతో ఇంకో చిక్కు. కొత్త సర్వీసు కోసం టెంప్లేట్ నుంచి రెండు వందల ఫైళ్లు కాపీ చేసి ఇచ్చేస్తే, ఆ క్షణం నుంచి ఆ ఫైళ్లు టీమ్ సొత్తు. టెంప్లేట్‌లో తర్వాత దిద్దినవేవీ వాటికి చేరవు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో బయటపడ్డ భద్రతా లోపం ప్రపంచమంతటా ఇంజినీర్లకు సెలవుల సీజన్‌ను కాళరాత్రి చేసింది. అప్పుడు చాలా కంపెనీల్లో మొదటి రోజులు పోయింది ప్యాచ్ వేయడానికి కాదు, ఏ సర్వీసులో ఆ లైబ్రరీ ఉందో, ఆ సర్వీసు ఎవరిదో కనుక్కోవడానికి. టెంప్లేట్ నుంచి కాపీ అయినవి తక్కువగా ఉంచి, మిగతాదాన్ని వెర్షన్ ఉన్న మాడ్యూల్‌గా ఇచ్చి, కొత్త వెర్షన్ రాగానే అన్ని రిపోలకూ పుల్ రిక్వెస్టులు వాటంతట అవే వెళ్లేలా చేసుకున్న చోట ఆ పని ఎంతో తేలికైంది. సర్వీసుల కేటలాగ్ విలువ కూడా అలాంటి రోజునే తెలుస్తుంది.

బలవంతమా, ఆకర్షణా

టూల్ కట్టాక దాన్ని అందరూ వాడాల్సిందే అని ఉత్తర్వు వేయాలా? నెట్‌ఫ్లిక్స్ చాలాకాలంగా 'పరిచిన రోడ్డు' అనే పద్ధతిని చెబుతూ వచ్చింది. ప్లాట్‌ఫామ్ టీమ్‌లు ఒక దారి బాగుచేసి పెడతాయి, దాని మీద నడిచేవాళ్లకు పూర్తి అండ ఉంటుంది. వేరే దారిన వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లొచ్చు, ఆ దారి గుంతలు వాళ్లే పూడ్చుకోవాలి. స్పాటిఫై ఇలాంటిదాన్నే 'బంగారు బాట' అంది. అంతకుముందు అక్కడ ఏ పని ఎలా చేయాలో పక్కవాళ్లను అడిగి తెలుసుకోవడమే పద్ధతిగా ఉండేదని 2020లో వాళ్లే రాసుకున్నారు.

భద్రత, చట్టం విషయాల్లో ఎంపిక ఇవ్వకూడదు. మిగతావాటిలో ఇవ్వాలి. వాడకం స్వచ్ఛందం అయినప్పుడే ప్లాట్‌ఫామ్ టీమ్‌కు నిజం తెలుస్తుంది. ఎవరూ వాడకపోతే టూల్ బాగాలేదని అర్థం. ఉత్తర్వు వేస్తే ఆ సంకేతమే మూగబోతుంది. డెవలపర్లు లోలోపల స్క్రిప్టులు రాసుకుని, టూల్‌ను పైపైన వాడుతున్నట్టు కనిపిస్తారు. ఇక్కడ ప్లాట్‌ఫామ్ టీమ్ అలవాటు చేసుకోవాల్సిన పని ఒకటుంది: కొత్త డెవలపర్ పక్కన కూర్చుని, నోరు మెదపకుండా, ఆమె ఆ టూల్ వాడుతుంటే చూడటం. ఏ పేజీ దగ్గర ఆగింది, ఏ మాట అర్థం కాక చాట్‌లో ఎవరిని అడిగింది. గంటసేపు అలా చూస్తే తెలిసేది సర్వేలు పెట్టినా తెలియదు.

ప్లాట్‌ఫామ్ కడితే అంతా బాగుపడుతుందన్న భ్రమ కూడా వద్దు. సాఫ్ట్‌వేర్ టీమ్‌ల పనితీరును అధ్యయనం చేసే డోరా పరిశోధన బృందం 2024 నివేదికలో, అంతర్గత ప్లాట్‌ఫామ్ వాడేవాళ్లలో వ్యక్తిగత ఉత్పాదకత 8 శాతం, టీమ్ పనితీరు 10 శాతం ఎక్కువగా కనిపించాయి. అదే నివేదికలో మార్పులు బయటికి వెళ్లే వేగం 8 శాతం, ఆ మార్పుల స్థిరత్వం 14 శాతం తగ్గినట్టు తేలింది. మధ్యలో ఒక పొర చేరితే ప్రతి మార్పూ ఆ పొరను దాటుకుంటూ వెళ్లాలి. పొర కట్టిన టీమ్ చేయి పడందే పని పూర్తికాని పరిస్థితి ఉంటే మళ్లీ అదే క్యూ, వేరే పేరుతో. డెవలపర్లు మొదటి నుంచి చివరి దాకా ఎవరినీ అడగకుండా పని పూర్తిచేయగలుగుతున్నారా అన్నదాన్నే కొలవాలి. పోర్టల్‌కు ఎంతమంది లాగిన్ అయ్యారన్న లెక్క దేనికీ పనికిరాదు.

పన్నెండున్నర గంటల దూరం

హైదరాబాద్‌లో కూర్చుని సియాటెల్, శాన్‌ఫ్రాన్సిస్కో టీమ్‌లతో పనిచేసేవాళ్లకు ఈ విషయం మరింత సూటిగా తగులుతుంది. అక్కడికీ ఇక్కడికీ వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు తేడా. అధికారం అటువైపు, పని ఇటువైపు ఉన్నప్పుడు 'స్టేజింగా, ప్రొడక్షనా' అన్న ఒక్క ప్రశ్నకు ఒక రోజు పోతుంది. మూడు ప్రశ్నలకు మూడు రోజులు, మధ్యలో శనాదివారాలు వస్తే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. రాత్రి పదకొండింటికి కాల్‌లో కూర్చుని 'ఆ టికెట్ కాస్త చూస్తారా' అని బతిమాలడం ఇక్కడి ఇంజినీర్లలో ఎంతమంది దినచర్యో లెక్కలేదు. నిర్ణయం టూల్‌లో ఉంటే దానికి రాత్రీ పగలూ లేవు. మనిషి గౌరవానికి, నిద్రకు కూడా సంబంధించిన సంగతి ఇది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆ టికెట్లు మూసే ఉద్యోగాల్లో చాలాభాగం కూడా హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లోనే ఉన్నాయి. ఎల్1, ఎల్2 (మొదటి, రెండో స్థాయి సపోర్ట్) షిఫ్టుల్లో వేలమంది చేసే పని ఇదే. ఈ టూళ్లు వస్తే వాళ్ల పని తగ్గుతుంది, అది దాచిపెట్టే విషయం కాదు. అయితే ప్లాట్‌ఫామ్ కట్టే టీమ్‌లు చేసే పెద్ద పొరపాటు వాళ్లను బయట ఉంచడం. అయిదేళ్లుగా టికెట్లు మూస్తున్న మనిషికి తెలిసినన్ని మినహాయింపులు ఏ ఆర్కిటెక్ట్‌కూ తెలియవు. ఏ టీమ్ అడిగే 'పెద్ద' డేటాబేస్ నిజానికి చిన్నది సరిపోతుందో, ఏ ఫైర్‌వాల్ నియమం ప్రతి నెలా తిరిగి తెరవమంటారో, ఏ పాత అప్లికేషన్ పాస్‌వర్డ్ మారిస్తే కుప్పకూలుతుందో వాళ్లకు తెలుసు. టూల్‌లో పెట్టాల్సిన నియమాలు అవే. ఆ మనుషులకు కోడ్ నేర్పి నియమాలు రాయించడం, కోడ్ వచ్చినవాళ్లకు ఆ అనుభవం నేర్పడం కంటే చాలా తేలిక. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో డెవ్‌ఆప్స్ కోర్సులంటే జెన్కిన్స్, డాకర్, టెర్రాఫామ్ అని పనిముట్ల పేర్లు వరుసగా బోర్డు మీద కనిపిస్తాయి. పనిముట్లు రావాల్సిందే. దానితోపాటు వంద పాత టికెట్లు ఇచ్చి, వీటిలో ఏ నిర్ణయం పదే పదే వస్తోందో తేల్చమనే పాఠం కూడా ఉంటే, అక్కడి నుంచి వచ్చేవాళ్లు మొదటి రోజే పనికొచ్చే మనుషులవుతారు.

ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ టికెట్లలోనే ఉంటుంది. గత మూడు నెలల టికెట్లు దించి, రకాలుగా విడగొడితే, పెద్ద భాగం నాలుగైదు రకాలే అని తేలుతుంది: యాక్సెస్ ఇవ్వడం, డేటాబేస్, డీఎన్ఎస్ పేరు, కొత్త ఎన్విరాన్‌మెంట్, సర్టిఫికెట్. వాటిలో ఒక్కదాన్ని తీసుకుని పుట్టించడం నుంచి తీసేయడం దాకా పూర్తిగా కట్టడం, అయిదింటినీ సగం సగం కట్టడం కంటే మేలు. పదిహేను మంది డెవలపర్లున్న కంపెనీకి ఇవేవీ అక్కర్లేదు. రెడీమేడ్‌గా దొరికే సర్వీసు డబ్బిచ్చి వాడుకుని, శక్తినంతా తమ ఉత్పత్తి మీద పెట్టుకోవచ్చు. పెద్ద కంపెనీలోనైనా ఏడాదికి రెండుసార్లు వచ్చే కోరికకు టూల్ కట్టడం దండగ. డేటా సెంటర్ల మధ్య కొత్త లింకు, రెండు క్లౌడ్ అకౌంట్లు కలపడం లాంటివి టికెట్‌గానే ఉండనివ్వాలి. అవి వచ్చినప్పుడు ఇన్‌ఫ్రా ఇంజినీర్ డెవలపర్ పక్కన కూర్చుని సావకాశంగా మాట్లాడాలి.